ఆఫ్రికా జీడిపిక్కల సప్లయర్ మీద అనుమానం వస్తే

సమస్య: కంపెనీ రిజిస్ట్రేషన్, ఎగుమతి లైసెన్సు అన్నీ పంపాడు, కానీ ఇంతవరకు ఒక్క కంటెయినరైనా ఎక్కించాడా అంటే ఆధారం లేదు.

కారణం: కంపెనీ పెట్టడం వేరు, సరుకు పంపడం వేరు. మాకు ఇద్దరు వేర్వేరు "సప్లయర్లు" ఒకటే గోడౌన్ ఫోటో పంపారు, బస్తాల మీద కూర్చున్న పిల్లితో సహా!

పరిష్కారం: ఐవరీ కోస్ట్ సరుకైతే అక్కడి పత్తి, జీడి మండలి అనుమతి ఉందో లేదో ఆ మండలినే అడగండి, అతనిచ్చిన లింకులో చూడకండి. తర్వాత ఈమధ్య పంపిన సరుకు బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు ఎక్కించుకున్నట్టు షిప్పింగ్ కంపెనీ ఇచ్చే పత్రం) కాపీ అడగండి, ధర చెరిపేసినా పర్లేదు. కంటెయినర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి, చివరి అంకె ముందున్నవాటిని బట్టి లెక్క కట్టేది కాబట్టి నోటికొచ్చింది రాస్తే చాలాసార్లు అక్కడే దొరికిపోతాడు. అది సరిపోయినా బీఎల్ నంబరును షిప్పింగ్ కంపెనీ సైటులో వేసి చూడాలి. హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకాన్ని చెప్పే నంబరు) 080131 ఉండాలి, 080132 అంటే పెంకుతో ఉన్న పిక్కలు కాదు, పప్పు.

సమస్య: దిగుమతి రికార్డుల్లో అతని పేరే లేదు.

కారణం: అమెరికా ఓడల రికార్డుల్లో వెతికి ఉంటారు. పిక్కలు ఎక్కువగా మనకూ వియత్నాంకూ వెళ్తాయి, కాబట్టి అక్కడ పేరు లేకపోతే మోసగాడనేం కాదు. మన దగ్గరేమో 2022లో కస్టమ్స్ చట్టంలో చేర్చిన సెక్షన్ 135ఏఏ ప్రకారం ఎవరి దిగుమతి వివరాలైనా అనుమతి లేకుండా బయటపెట్టడం నేరం, అందుకే ఎవరో అమ్మే లిస్టులు కొనకండి.

పరిష్కారం: పాత కొనుగోలుదారు పేరు అడిగి, పలాసలోనో కొల్లంలోనో ఉంటే ఫోన్ నంబరు మీరే వెతికి మాట్లాడండి. ఆ కొనుగోలుదారు బిల్ ఆఫ్ ఎంట్రీలో (దిగుమతి సరుకుకు కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం) సప్లయర్ పేరు ఉంటుంది.

సమస్య: నవంబరులో "కొత్త పంట, బెనిన్ సరుకు, చవక" అంటున్నాడు.

కారణం: పశ్చిమ ఆఫ్రికా పంట దాదాపు ఫిబ్రవరి నుంచి జూన్ దాకా వస్తుంది. పైగా బెనిన్ 2024 ఏప్రిల్ 1 నుంచి పిక్కల ఎగుమతిని నిషేధించింది.

పరిష్కారం: నిల్వ సరుకేమో, ఏ దేశానిదో అడగండి. 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు వస్తుందో లోడింగ్ దగ్గర మీరు పెట్టుకున్న ఇన్‌స్పెక్టరే కోసి చూడాలి. మధ్యలో బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే, పాత నంబరుకు ఫోన్ చేసి కనుక్కునే వరకు ఒక్క రూపాయి కూడా పంపకండి.