పిల్లల అంటువ్యాధులు, మన నర్సింగ్ పని – 4వ పాఠం: తట్టు

కిందటి పాఠంలో విరేచనాల పిల్లకి ఓఆర్ఎస్ పట్టడం నేర్చుకున్నాం కదా, దాన్ని మర్చిపోకండి, ఇవాళ మళ్ళీ అవసరం పడుతుంది. తట్టు వైరస్‌ని నేరుగా చంపే మందు మన చేతిలో లేదు. అంటే కేస్ షీట్‌లో మందులు తక్కువ, నర్సు పని ఎక్కువ. ఒంటిమీద దద్దు చూసి అందరూ కంగారు పడతారు గానీ దద్దు దానంతటదే పోతుంది, పిల్లని ముంచేది ఊపిరితిత్తులు, కళ్ళు, కడుపు. మన చూపు అక్కడ ఉండాలి.

గుర్తుపట్టడం ఇలా. మూడు నాలుగు రోజులు గట్టి జ్వరం, దగ్గు, ముక్కు కారడం, ఎర్రబడ్డ కళ్ళు. ఆ తర్వాత దద్దు, అదీ చెవుల వెనక, నుదుటి మీద జుట్టు మొదట్లో మొదలై కిందికి దిగుతుంది. ఆటలమ్మలోలాగా నీటి పొక్కులు ఉండవు. దద్దుకి ఒకటి రెండు రోజుల ముందు టార్చ్ వేసి బుగ్గ లోపల దవడ పళ్ళకి ఎదురుగా చూస్తే ఉప్పు రవ్వల్లాంటి తెల్లటి చుక్కలు కనబడొచ్చు, వాటినే కాప్లిక్ మచ్చలు అంటారు.

దద్దు రావడానికి 4 రోజుల ముందు నుంచి వచ్చాక 4 రోజుల దాకా పిల్ల నుంచి అంటుకుంటుంది. పిల్ల గదిలోంచి వెళ్ళిపోయాక కూడా 2 గంటల వరకు వైరస్ గాలిలో ఉండగలదు. కాబట్టి విడి గది, బయటివైపు కిటికీ తెరిచి, వార్డు వైపు తలుపు మూసి. ఎన్95 మాస్కు తప్పనిసరి. టీకా పడిందో లేదో తెలియని సిస్టర్‌కి, ముఖ్యంగా గర్భిణికి, ఆ డ్యూటీ వేయకండి.

ఇక విటమిన్ ఏ. ఇది టానిక్ కాదు, వైద్యమే; చూపునీ ప్రాణాన్నీ కాపాడుతుంది. 6 నెలల లోపు పిల్లకి 50 వేల యూనిట్లు, 6 నుంచి 11 నెలలకి 1 లక్ష, ఏడాది దాటితే 2 లక్షలు. ఇవాళ ఒకటి, రేపు ఒకటి. ఆ రెండో డోసే షిఫ్టు మారేటప్పుడు జారిపోతుంది, అందుకే హ్యాండోవర్‌లో నోటితో చెప్పండి, రాసి ఊరుకోవద్దు. నల్లగుడ్డు మసకబారినా, కంట్లో తెల్లమచ్చ కనబడినా అప్పటికప్పుడు డాక్టర్‌ని పిలవాలి, అలాంటి పిల్లకి 4 నుంచి 6 వారాల తర్వాత మూడో డోసు కూడా ఉంటుంది. కళ్ళు తుడిచేటప్పుడు ముక్కు వైపు నుంచి బయటికి, ఒక్కో కంటికి ఒక్కో తడిగుడ్డ. తల్లిపాలు, ఆకు పసర్లు కంట్లో పోయనివ్వకండి. మెడికల్ షాపులో అడక్కుండానే ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు కూడా వద్దు.

అసలు గొడవంతా పథ్యం దగ్గర. మన ఊళ్ళలో తట్టు పోసిందంటే నూనె వద్దు, పోపు వద్దు, పప్పు వద్దు అంటారు, పిల్ల వారంలో ఎండిపోతుంది. నాయనమ్మతో వాదనకి దిగితే మీరు ఓడిపోతారు, నన్నడిగితే ఆవిడని మన వైపు తిప్పుకోవడమే తెలివి: "వేపమండలు మంచం దగ్గర ఉంచుకోండమ్మా, ఏం పర్లేదు, పిల్లకి మాత్రం మెత్తగా పప్పన్నం పెట్టండి, అది మీ చేత్తోనే తింటుంది." నోరు పుండుపడి ఉంటుంది కాబట్టి కారం, పులుపు లేకుండా కొంచెం కొంచెంగా జావ, పెరుగన్నం, అరటిపండు. చంటిపిల్లలైతే తల్లిపాలు ఆపనే కూడదు. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్, రెండేళ్ళ లోపు పిల్లకి విరేచనం అయినప్పుడల్లా 50 నుంచి 100 ఎంఎల్.

పిల్ల ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి, పిల్ల ఏడుస్తుంటే ఆ లెక్క పనికిరాదు. 2 నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా పైన, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40 లేదా పైన ఉంటే న్యుమోనియా అనుమానమే. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి ఉన్నా ఇక లెక్కలతో పని లేదు, పరిగెత్తాలి. దద్దు వచ్చిన మూడు నాలుగు రోజులకి జ్వరం దిగాలి. దిగకపోయినా, దిగి మళ్ళీ లేచినా ఛాతీ, చెవులు చూడమని డాక్టర్‌కి చెప్పండి.

ఇంట్లో ఇంకో పిల్ల ఉందా? టీకా పడకపోయి ఉండి, వయసు సరిపోతే, అంటు తగిలిన 72 గంటల లోపు ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) వేయించొచ్చు. మామూలుగా మన పట్టికలో అది 9–12 నెలలకి ఒకసారి, 16–24 నెలలకి ఇంకోసారి.

అభ్యాసం: 10 కిలోల పిల్లకి కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసెటమాల్ రాశారు. 5 ఎంఎల్‌కి 125 ఉన్న సీసా అయితే ఎంత, 250 ఉన్న సీసా అయితే ఎంత? (6 ఎంఎల్, 3 ఎంఎల్. సీసా చూడకుండా "ఒక మూత" అని తల్లికి చెప్పేవాళ్ళున్నారు, మీరు ఆ పని చేయొద్దు. ఆస్పిరిన్ ఊసే ఎత్తొద్దు.) వచ్చే పాఠం కోరింత దగ్గు.