షాఫ్ట్ బండి: విప్పింది తిరిగి లోపలికి వెళ్లనప్పుడు

చైను సరిగ్గా బిగించకపోతే మొదటి వీధి దాటకముందే చప్పుడు చేసి చెబుతుంది. చైను బదులు ఇంజిను శక్తిని వెనక చక్రానికి చేర్చే ఉక్కు కడ్డీ, అంటే షాఫ్ట్, అలా చెప్పదు. తప్పు వెనక చక్రం దగ్గరుండే గేర్ల పెట్టె (ఫైనల్ డ్రైవ్) లోనే మూసుకుపోయి, వేల కిలోమీటర్ల తర్వాత అరిగిన పళ్లుగా బయటపడుతుంది. అందుకే విప్పేటప్పటికంటే బిగించేటప్పుడు ఎక్కువ ఓపిక కావాలి.

మన రోడ్ల మీద గోల్డ్ వింగ్, బీఎండబ్ల్యూ ఆర్ 1300 జీఎస్ వంటి కొన్ని పెద్ద బళ్లకే షాఫ్ట్ ఉంటుంది. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు మాత్రం పాత హోండా షాడో 1100, యమహా వీ స్టార్ 1100 వంటివి కొని ఇంట్లోనే పని చేసుకోగలుగుతారు. నేను చెప్పేది ఎక్కువగా ఆ రకం బళ్ల గురించి. వాటిలో షాఫ్ట్ వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి (స్వింగ్ ఆర్మ్) గొట్టంలో ఉంటుంది. ముందు కొస ఇంజిను వైపున్న, ఎటైనా వంగే కీలు (యూ-జాయింట్) లోకి, వెనక కొస ఫైనల్ డ్రైవ్‌లోకి దూరుతాయి.

సమస్య: పెట్టె దాదాపు చేరింది, వేలెడు సందు మిగిలిపోయింది

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, ఎక్కువ నష్టం జరిగేదీ ఇక్కడే. సందు మూయడానికి నట్లు బిగిస్తూ లాగకండి. నట్టు బలానికి స్టడ్ తెగవచ్చు, అల్యూమినియం పెట్టె పగలవచ్చు, షాఫ్ట్ కొసల మీదున్న పళ్లు (స్ప్లైన్లు) నలిగిపోవచ్చు. సరిగ్గా కలిసిన షాఫ్ట్ చేతి బలంతోనే లోపలికి జారుతుంది.

ముందు చేతికి ఏం తెలుస్తోందో గమనించండి. రాయికి తగిలినట్టు గట్టిగా ఆగితే పళ్లకు పళ్లు ఎదురుపడ్డాయని అర్థం. బండిని మొదటి గేరులో పెడితే ముందు జాయింట్ కదలదు. అప్పుడు పెట్టెను మెల్లగా నెడుతూ, చక్రం కూర్చునే భాగాన్ని కొద్ది కొద్దిగా తిప్పండి. ఇక్కడ కొంచెం తిప్పితే లోపల షాఫ్ట్ దాదాపు మూడింతలు తిరుగుతుంది, కాబట్టి వెంట్రుకవాసి చొప్పున కదిపితే చాలు.

అలా ఎంత తిప్పినా దొరకకపోతే యూ-జాయింట్ కిందికి వాలి ఉంటుంది. షాఫ్ట్ దాని నోట్లోకి వెళ్లకుండా అంచుకు గుద్దుకుంటోందన్నమాట. ఇంజిను దగ్గరున్న రబ్బరు తొడుగును వెనక్కి మడిచి, వేళ్లతో జాయింట్‌ను పైకెత్తి పట్టుకుని, మరొకరిని వెనకనుంచి నెట్టమనండి. ఇద్దరు ఉంటే రెండు నిమిషాల పని. ఒక్కరే గంటసేపు కుస్తీ పట్టడంలో అర్థం లేదు.

సందు ఒకవైపు ఎక్కువ, మరోవైపు తక్కువ ఉంటే పెట్టె బరువుకు వాలి వంకరగా వెళ్తోంది. కింద ఒక చెక్క దిమ్మ పెట్టి ఎత్తు సరిచేయండి. సందు చుట్టూ సమానంగా ఉంటే షాఫ్ట్ వెనక కొస పూర్తిగా కూర్చుందో లేదో చూడాలి. చాలా బళ్లలో అక్కడ ఒక తీగ రింగు షాఫ్ట్‌ను పట్టి ఉంచుతుంది. షాఫ్ట్‌ను బయటికి తీసి, రింగును దాని గాడిలో సరిగ్గా కూర్చోబెట్టి, మళ్లీ నెట్టి, ఒకసారి మెల్లగా లాగి చూడండి. ఊడి రాకూడదు.

సమస్య: అంతా మూసుకుంది, కానీ గేరులో ఉన్నా వెనక చక్రం స్వేచ్ఛగా తిరుగుతోంది

షాఫ్ట్ ఎక్కడో ఒక కొసన పళ్లను అందుకోలేదు. తరచుగా యూ-జాయింటే ఇంజిను వైపునుంచి వెనక్కి జారి ఉంటుంది. మళ్లీ విప్పక తప్పదు. ఈ పరీక్షను నట్లు బిగించకముందే, ఇంజిను ఆపి ఉంచి, చేత్తో చేయడం నేర్చుకోండి. గేరులో కొద్దిపాటి ఆట (వదులు) తర్వాత చక్రం ఆగాలి.

సమస్య: న్యూట్రల్‌లో చక్రం బరువుగా తిరుగుతోంది

ముందు బ్రేకు పట్టుకుందేమో చూడండి. అది కాకపోతే బిగించిన వరుస తప్పు. పెట్టె నట్లను ముందే బిగించేసి, తర్వాత యాక్సిల్‌ను తోస్తే పెట్టె వంకరగానే ఉండిపోతుంది. నట్లు వదులు చేయండి. యాక్సిల్ బిగించండి. చక్రాన్ని రెండు మూడు చుట్లు తిప్పండి. ఆ తర్వాత నట్లను ఎదురెదురుగా, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో, మీ బండి సర్వీసు పుస్తకంలో ఉన్న అంకెకు బిగించండి. పక్కింటివారి బండి అంకె మీ బండికి పనికిరాదు.

సమస్య: పెట్టె ముందు భాగంలో జిడ్డు

తుడిచి, ఇరవై కిలోమీటర్లు నడిపి మళ్లీ చూడండి. నల్లగా, ముద్దగా ఉంటే ఎక్కువగా పూసిన గ్రీజు బయటికి చిమ్మిందంతే. పలుచగా, గేరు ఆయిల్ వాసనతో ఉంటే సీలు అంచు కోసుకుపోయింది, కొత్తది వేయాలి. ఆయిల్ ఎక్కువ పోసినా కారుతుంది. బండి నిటారుగా ఉన్నప్పుడు పోసే రంధ్రం కింది అంచు వరకు అందితే సరిపోతుంది. అయితే ఈ కొలత చెప్పే తీరు అన్ని బళ్లకూ ఒకటి కాదు, పుస్తకం చూసుకోండి.

సమస్య: యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇస్తే ‘ఠక్’మంటోంది

కొంచెం ఆట సహజం. విప్పకముందు లేని ఠక్కు ఇప్పుడు వస్తే మాత్రం చక్రం వైపు పళ్లు, కుదుపును మింగే రబ్బరు దిమ్మలు (డ్యాంపర్లు) చూడాలి. నేను కొన్న పాత షాడోను నాకంటే ముందు ఎవరో విప్పి, పళ్లకు మామూలు గ్రీజు పూసి మూసేశారు. విప్పగానే ఇటుకపొడి లాంటి ఎర్రటి దుమ్ము రాలింది. ఎండిన పళ్లు ఒకదానినొకటి రాపాడుకుంటే రాలే తుప్పు అది. ఆ దుమ్మును చూసిన రోజు నాకు నిజంగా బాధ కలిగింది. గట్టి ఉక్కు పళ్లు, చెంచాడు పేస్టు లేక అరిగిపోయాయి.

పళ్ల పై భాగం ఇంకా చదునుగా ఉంటే పాత గ్రీజంతా కడిగి, 60 శాతం మాలిబ్డినం డైసల్ఫైడ్ (మాలి) ఉన్న పేస్టు పలుచగా పూయండి. మామూలు మాలి గ్రీజులో అది సుమారు 3 శాతమే. పళ్లు సూదిగా మారి ఉంటే ఏ పేస్టూ కాపాడదు. అలాంటప్పుడు భాగం మార్చాలి, దానితో జతపడేదాన్ని కూడా.

సమస్య: వేగం పెరిగేకొద్దీ సన్నని వణుకు

రెండు యూ-జాయింట్లు ఉండి, షాఫ్ట్ రెండు ముక్కలుగా విడిపోయే కొన్ని పాత బీఎండబ్ల్యూ బళ్లలో ఇది చూడాలి. ముక్కలను కలిపేటప్పుడు రెండు కొసల్లో జాయింటును పట్టే కొమ్ములు (యోక్‌లు) ఒకే వరుసలో ఉండాలి. విడదీసే ముందే రెండింటి మీదా తెల్ల రంగుతో ఒక గీత గీసి ఉంచుకుంటే తిరిగి కలపడం తేలిక. గీత లేకుండా విప్పేసి ఉంటే షాఫ్ట్‌ను బల్లమీద పెట్టి, ఒక కొసనుంచి కన్ను పెట్టి చూస్తూ కొమ్ములు సమంగా వచ్చేదాకా ఒక్కో పన్ను జరపండి.