సెలవులకు ఇంటి నిండా జనం వచ్చేముందు

రిమోట్లు, బొమ్మల్లో బటన్ బ్యాటరీల మూతలు గట్టిగా బిగించి ఉన్నాయా చూడండి. పిల్లలు మింగితే 2 గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. అనుమానం వచ్చినా చాలు, ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

అతిథుల చేతిసంచులు ఎత్తున పెట్టించండి. పెద్దవాళ్ల మాత్రలు ఉండేది అందులోనే. అడగడానికి మొహమాటమెందుకు?

చెక్కపని సరదా ఉందా? అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. విడివిడిగా పరిచి, ఆరుబయట ఆరబెట్టండి.

వండినవి 2 గంటలకు మించి బయట ఉంచకండి. కబుర్లలో పడితే ఎవరికీ గుర్తుండదు, ఫోనులో అలారం పెట్టుకోవడమే మేలు. లోతు గిన్నెలో నడిమి భాగం త్వరగా చల్లారదు. వెడల్పు పాత్రల్లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి.

సగం పేర్చిన పజిల్ ఉంటే ఆ గదికి తాళం వేయండి.