డేటా ఫైలు పోయాక మూతపడిన కాంటాక్ట్స్ అప్లికేషన్: నా అనుభవం

ఒంగోలులోని మా ఎరువుల దుకాణంలో రైతుల ఫోన్ నంబర్లు దాచుకునే అప్లికేషన్, తెరవగానే క్షణంపాటు కనిపించి మూతపడిపోయేది. రీస్టార్ట్, రీఇన్‌స్టాల్, యాంటీవైరస్ స్కాన్, ఏదీ పనిచేయలేదు. లాగ్ ఫైలు (ప్రోగ్రామ్ తన పనులను, లోపాలను రాసిపెట్టుకునే ఫైలు) చివరి వరుస చదివాకే, మా తమ్ముడు డిస్కు ఖాళీ చేస్తూ ‘కాంటాక్ట్స్’ అనే జేసన్ ఫైలును (డేటాను మామూలు అక్షరాల్లో దాచే రకం ఫైలు) తీసేశాడని తెలిసింది.

విండోస్‌లో అప్లికేషన్లు తమ డేటా దాచుకునే యాప్‌డేటా ఫోల్డరులోని రోమింగ్‌లో, అప్లికేషన్ పేరుతో ఉన్న ఫోల్డరు తెరిచి, నోట్‌ప్యాడ్‌తో అదే పేరున ఫైలు సృష్టించాను. ఏమీ రాయకుండా వదిలితే మళ్ళీ మూతపడింది. తెరిచే చదరపు బ్రాకెట్టు, దాని పక్కనే మూసేది, జేసన్‌లో ఖాళీ జాబితాకు గుర్తైన ఆ రెండే టైపు చేసి, సేవ్ చేసేటప్పుడు ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకున్నాక (లేకపోతే నోట్‌ప్యాడ్ పేరు చివర టీఎక్స్‌టీ తగిలిస్తుంది) అప్లికేషన్ ఖాళీ జాబితాతో నిలబడింది. ఫోన్‌లోని నంబర్లను వీసీఎఫ్ ఫైలుగా (కాంటాక్టులను ఒకచోటి నుంచి మరోచోటికి మార్చే ఫైలు) తెచ్చి ఎక్కించుకున్నాను.

ఫైలు లేనప్పుడు కొత్తది సృష్టించుకోవడం నిజానికి ప్రోగ్రామ్ చేయవలసిన పని. డేటాను ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో దాచే అప్లికేషన్లకు ఈ బ్రాకెట్ల ఉపాయం పనికిరాదు కనుక, మీ లాగ్‌లో ఏ ఫైలు పేరుందో ముందు చూసుకోండి.