తరగతి గదిలో ఇన్ఫోగ్రాఫిక్ – 3: కొలత తప్పని బొమ్మ

ఒక ఇన్ఫోగ్రాఫిక్ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పాలని రెండో పాఠంలో అనుకున్నాం. ఆ ప్రశ్నకు కావలసిన అంకెలు పిల్లలు తెచ్చేశారనుకోండి. ఇక వాటిని బొమ్మగా మార్చాలి. ఈ పాఠమంతా ఆ ఒక్క పని మీదే నడుస్తుంది. ఏడో తరగతిని మనసులో పెట్టుకుని రాస్తున్నాను, ఆరుకూ ఎనిమిదికీ మీరే సర్దుకోండి. కావలసినవి గళ్ల కాగితం, స్కెచ్ పెన్నులు, అయిదు మీటర్ల పురికొస.

అంకెల కోసం దూరం పోనక్కర్లేదు. తిరుపతి చుట్టుపక్కల బడుల్లో పిల్లలకు కొండ మెట్ల గురించి చెప్పే పని ఉండదు, వాళ్లే మనకు చెబుతారు. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీనివాసమంగాపురం దగ్గర మొదలయ్యే శ్రీవారి మెట్టు దారి సుమారు 2.1 కిలోమీటర్లు, 2,388 మెట్లు. ఈ నాలుగు అంకెలూ బోర్డు మీద రాసి, ముందు దూరాలు మాత్రం తీసుకుని, ‘చూడగానే తేడా తెలిసేలా గీయండి’ అని వదిలేయండి. ఇంకేం చెప్పొద్దు.

చాలామంది అలిపిరికి పెద్ద మనిషిని, శ్రీవారి మెట్టుకు చిన్న మనిషిని గీస్తారు. తొమ్మిది కిలోమీటర్లంటే రెండో దారికి నాలుగు రెట్లకు పైనే కదా, అందుకని మనిషిని నాలుగు రెట్లు ఎత్తు పెంచుతారు. ఎత్తు ఒక్కటే పెంచితే మనిషి మరీ వెదురుగడలా కనిపిస్తాడు కాబట్టి వెడల్పూ నాలుగు రెట్లు చేస్తారు. లెక్క చెడేది అక్కడే. ఇప్పుడు గళ్లు లెక్కపెట్టించండి. చిన్న మనిషి 2 గళ్ల వెడల్పు, 3 గళ్ల ఎత్తు అయితే అతను పట్టిన చోటు 6 గళ్లు. పెద్ద మనిషి 8 గళ్ల వెడల్పు, 12 గళ్ల ఎత్తు, అంటే 96 గళ్లు. నాలుగు రెట్లు చూపించబోయి పదహారు రెట్లు చూపించారు. చూసేవాడి కన్ను ఎత్తును విడిగా కొలవదు, బొమ్మ ఎంత చోటు పట్టిందో చూస్తుంది.

ఈ తప్పు చేసేది పిల్లలే కాదు. పేపర్లలో వచ్చే డబ్బు మూటల బొమ్మలు, టీవీలో పెరిగే నూనె డబ్బాల బొమ్మలు చూడండి. అలాంటివి కత్తిరించి తెమ్మంటే పిల్లలకు అదో వేట. పెద్దవాళ్ల తప్పు పట్టుకోవడంలో ఉన్న ఉత్సాహం మామూలు హోంవర్కులో ఎక్కడొస్తుంది?

దీనికి విరుగుడు ఆస్ట్రియా సామాజిక శాస్త్రవేత్త ఒట్టో న్యూరాత్ వందేళ్ల కిందటే చెప్పాడు. 1925లో వియన్నాలో ఆయన మొదలుపెట్టిన మ్యూజియం, మామూలు జనానికి సమాజం లెక్కలను బొమ్మల్లో చూపించేది. ఆ పద్ధతికి తర్వాత ఐసోటైప్ అని పేరొచ్చింది. అందులో అసలు సూత్రం చాలా చిన్నది. లెక్క పెరిగితే బొమ్మ సైజు పెంచకూడదు, బొమ్మల సంఖ్య పెంచాలి. మన పాఠ్యపుస్తకాల్లోని పటచిత్రం చేసేదీ అదే. కాకపోతే అక్కడ స్కేలు, అంటే ఒక బొమ్మ ఎన్నింటికి గుర్తో, వాళ్లే ఇచ్చేస్తారు, పిల్లాడు ఆలోచించాల్సింది మిగలదు. మనం స్కేలు ఇవ్వకూడదు. దాన్ని ఎంచుకోవడమే అసలు పాఠం.

మెట్లకు ఒక బొమ్మ అంటే ఎన్ని మెట్లు పెడదాం? వంద పెడితే అలిపిరికి ముప్పై అయిదున్నర బొమ్మలు గీయాలి, చెయ్యి నొప్పెడుతుంది. వెయ్యి పెడితే ఒకదానికి మూడున్నర, ఇంకోదానికి రెండున్నరకు కాస్త తక్కువ. ముక్కల్లో తేడా సరిగా కనిపించదు. అయిదు వందలు పెడితే అలిపిరికి ఏడు బొమ్మలూ చిన్న ముక్కా వస్తాయి, శ్రీవారి మెట్టుకు నాలుగూ ముప్పావు. చదవడానికి ఇది హాయిగా ఉంటుంది. దూరానికి వేరే బొమ్మ కావాలి. ఒక పాదం గుర్తు ఒక కిలోమీటరు అనుకుంటే సరిపోతుంది. ఒకవైపు తొమ్మిది పాదాలు, ఇంకోవైపు రెండు పాదాలూ ఒక బొటనవేలూ. రెండు వరసలూ ఒకదాని కింద ఒకటి, ఎడమ అంచు కలిసేలా గీయించండి.

అంచు కలవగానే పిల్లలకు ఒక సంగతి కళ్లకు కడుతుంది. దూరంలో నాలుగు రెట్ల తేడా ఉంటే, మెట్లలో ఒకటిన్నర రెట్లే ఉందేం? ఎవరో ఒకరు అడిగే తీరతారు, ‘మెట్లు తక్కువుంటే సులువు గదా సార్, మరి మా అవ్వ శ్రీవారి మెట్టు నా వల్ల కాదంటాదేం?’ అని. అడగకపోతే మీరే అడగండి. మూడో వరస అప్పుడు వాళ్ల చేతే లెక్క కట్టించండి: కిలోమీటరుకు ఎన్ని మెట్లు? అలిపిరికి దాదాపు 395, శ్రీవారి మెట్టుకు దాదాపు 1,140. అలిపిరి దారిలో గాలిగోపురం దాటాక చాలా దూరం నడక చదునుగానే ఉంటుంది, మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ మెట్లు నిలువవుతాయి. రెండో దారిలో అలాంటి వెసులుబాటు తక్కువ. అవ్వ మాటకు జవాబు మూడో వరసలో ఉంది. పుస్తకంలో నిష్పత్తి అనే పేరుతో ఉన్న పాఠం ఇదేనని తర్వాత చెప్పినా ఏం పోదు.

జట్లుగా పని చేయించేటప్పుడు ‘బొమ్మలు బాగా వేసేవాడు గీస్తాడు, మిగతావాళ్లు చూస్తారు’ అనే పద్ధతి మానేద్దాం. న్యూరాత్ దగ్గర పని మూడుగా పంచుకునేవారు. లెక్కలు తెలిసినవాళ్లు ఒకవైపు, గీసేవాళ్లు ఒకవైపు. మధ్యలో, ఏ అంకె ఉంచాలి, ఏది తీసేయాలి, ఏ వరస పైన రావాలి అని తేల్చేవాళ్లు. ఆయనతో కలిసి పనిచేసి, తర్వాత భార్య అయిన మారీ న్యూరాత్ ఏళ్ల తరబడి చేసింది ఆ మధ్య పనే. తరగతిలో ఆ స్థానం ఎక్కువ మాట్లాడే పిల్లకు కాకుండా, ప్రతి జట్టులోనూ వారానికొకరికి మార్చండి. నా అభిప్రాయంలో మార్కులు వేయాల్సింది కూడా ఆ పనికే. గోడకు అంటించిన రంగుల చార్టును చూసి స్కూల్ కాంప్లెక్స్ టీచర్ల మీటింగులో అందరూ మెచ్చుకుంటారు, నిజమే. తీసేసినవేంటో మాత్రం ఎవరూ అడగరు.

ఇప్పుడు పురికొస. కాగితం చాలని అంకెలు కొన్ని ఉంటాయి, వాటికి గదినే కాగితం చేసుకోవాలి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండ కోతలో కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు పొరలు కనిపిస్తాయి. రెండింటి మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉంది. ఆ మధ్య కాలపు పొరలు అక్కడ లేవు. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ తెగిన చోటును ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు, జాతీయ భూవిజ్ఞాన స్మారకాల్లో అదొకటి. బస్సులో పోతూ మనం పట్టించుకోం. 80 కోట్లు అని బోర్డు మీద రాస్తే పిల్లలకు అది వట్టి సున్నాల వరస.

కోటి ఏళ్లకు ఒక సెంటీమీటరు పెట్టుకోండి. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు కాబట్టి పురికొస పొడవు 4 మీటర్ల 54 సెంటీమీటర్లు. వరండాలో కట్టేయండి. ఒక కొస భూమి పుట్టుక, ఇంకో కొస ఈరోజు. ఈరోజు నుంచి వెనక్కి సుమారు మీటరున్నర దగ్గర ఒక ముడి, అది పైపొర. అక్కడి నుంచి ఇంకో 80 సెంటీమీటర్ల వెనక మరో ముడి. ఆ రెండు ముడుల మధ్య ఎర్ర గుడ్డపీలిక చుట్టించండి, కొండలో కనిపించని కాలం అదే. డైనోసార్లు అంతరించింది ఈ కొస నుంచి ఆరున్నర సెంటీమీటర్ల దగ్గర. ఇక శ్రీకృష్ణదేవరాయలు 1513లో తిరుమలకు వచ్చిన రోజును గుర్తు పెట్టమనండి. లెక్క వేస్తే అది సెంటీమీటరులో దాదాపు ఇరవై వేలో వంతు ఉండే ఓ పిసరు దూరం అవుతుంది. వెంట్రుక మందం కూడా అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. గుర్తు పెట్టలేక పిల్లలు తిప్పలు పడతారు, పడనివ్వండి.

కమ్మీ చిత్రాల గురించి ఒక్క మాట. కమ్మీ సున్నా దగ్గరే మొదలవ్వాలి. హాజరు 38, 40 ఉన్న రెండు తరగతులకు కమ్మీలు 36 నుంచి మొదలుపెడితే ఒకటి ఇంకోదానికి రెండింతలు కనిపిస్తుంది. కంప్యూటర్లో గీసేటప్పుడు సాఫ్ట్‌వేర్ మనల్ని అడగకుండానే ఈ పని చేసేస్తుంటుంది, కాబట్టి తరగతిలోని డిజిటల్ ప్యానెల్ మీద చూపించే ముందు అడుగు అంకె చూసుకోండి. తెలుగు ఒత్తులు విడిపోతుంటే ఫాంటు మార్చండి, అంతకు మించి సాంకేతిక విద్య ఈ పాఠానికి అక్కర్లేదు.

అభ్యాసం: మధ్యాహ్న భోజనంలో వారం రోజులు పారేసిన అన్నాన్ని ఒకే గిన్నెతో కొలిపించి, ఒకే సైజు గుర్తులతో గీయించండి. స్కేలు జట్టే ఎంచుకోవాలి, ఎందుకు ఎంచుకుందో కాగితం వెనక రెండు వాక్యాలు రాయాలి. వచ్చే పాఠంలో వాన లెక్కలు చూద్దాం. ఈశాన్య రుతుపవనాలు మన వైపు గట్టిగానే కురుస్తాయి కాబట్టి ఏడాది పొడవునా నెలవారీ వర్షపాతం కావాలి. మీ మండలం అంకెలు ఈలోగా రాసిపెట్టుకోండి, మిల్లీమీటర్లలో.