రాగి లైన్‌లో రొద – 3వ పాఠం: ట్రాన్సిస్టర్‌తో వేట

గత పాఠంలో టెలిఫోన్ తీగ మీద ఇంటర్నెట్ తెచ్చే మోడెమ్ పేజీ తెరిచి ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్ (రొద ఉన్నా లైన్ తెగకుండా నిలబడడానికి మిగిలిన వెసులుబాటు) రాసిపెట్టుకున్నారు కదా. పగలు 10 డెసిబెల్స్ ఉన్న ఆ అంకె దీపాలు పెట్టే వేళకు 4కో 5కో పడిపోతోందా? అయితే లైన్‌మన్‌ను పిలిచే ముందు ఇల్లు గాలించండి. అందుకు మీడియం వేవ్ పట్టే పాత ట్రాన్సిస్టర్ చాలు.

టెలిఫోన్ తీగ మీద ఇంటర్నెట్ పంపే పద్ధతి అయిన ఏడీఎస్‌ఎల్2+ సంకేతం 2.2 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది. మీడియం వేవ్ మొత్తం అందులోనే ఇమిడిపోతుంది, అందుకే మోడెమ్‌ను వేధించే రొద రేడియోలో వినిపిస్తుంది. మోడెమ్ ఈ మేరను 4.3125 కిలోహెర్ట్జ్ చొప్పున పాయలుగా చీల్చి, ఏ పాయలో రొద తక్కువుంటే అందులో ఎక్కువ బిట్లు పంపుతుంది. ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ సరిగ్గా 171వ పాయలో పడుతుంది. ప్రసార కేంద్రానికి దగ్గరలో ఉన్నవారికి ఏ పాయలో ఎన్ని బిట్లు పోతున్నాయో చూపే మోడెమ్ పట్టికలో అక్కడ గుంత కనిపించవచ్చు. దానికి బెంగ వద్దు, ఒక స్టేషన్ చెడగొట్టేది కొన్ని పాయలనే. చవకరకం ఎల్‌ఈడీ బల్బు, ఫోను చార్జర్, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ అలా కాదు. వాటి రొద ఒకేసారి వందల పాయల మీద పరుచుకోగలదు.

ట్రాన్సిస్టర్‌లో బ్యాటరీలే వేయండి, అడాప్టర్ పెడితే అదే గోల చేస్తుంది. ముల్లును స్టేషన్ లేని చోట నిలిపి, టెలిఫోన్ తీగ పోయే గోడ వెంట మెల్లగా నడవండి. గరగర పెరిగిన చోట ఆగి, స్విచ్చులు ఒక్కొక్కటే ఆపి చూడండి. రేడియోను చుట్టూ తిప్పితే ఒక దిశలో మోత బాగా తగ్గుతుంది. లోపల ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ కొన అప్పుడు రొద పుట్టే చోటుకేసి ఉందని సుమారుగా అనుకోవచ్చు.

బల్బు మార్చడంతో సగం పనే అయింది, మిగతా సగం తీగది. టెలిఫోన్ లైన్‌లోని రెండు తీగలను మెలిపెడితే రొద రెండింటిలోనూ సమానంగా చేరుతుంది. మోడెమ్ చదివేది వాటి మధ్య తేడాను కాబట్టి ఆ రొద దానికి అంటదు. రోజెట్ (గోడకుండే టెలిఫోన్ పాయింటు పెట్టె) నుంచి మెలిక లేని చదును తీగను గదులు దాటించి లాగారంటే ఏరియల్ కట్టుకున్నట్టే. చూడడానికి నీటుగా ఉంటుందని దుకాణాల్లో దాన్నే అంటగడతారు, నాకు మాత్రం అది కంటగింపు. మోడెమ్‌ను రోజెట్ పక్కకు జరిపి, అక్కడి నుంచి ఈథర్నెట్ కేబుల్ లాగండి.

రొద ఆగితే మార్జిన్ అప్పటికప్పుడే పెరుగుతుంది. వేగం పెరగాలంటే సాధారణంగా మోడెమ్ లైన్‌ను మళ్లీ పట్టుకోవాలి, అదీ మీ ప్లాన్ హద్దు వరకే. ఒకసారి రీస్టార్ట్ చేసి, కొత్త అంకెలను పాతవాటి పక్కన రాయండి. నాలుగో పాఠంలో వాటితోనే పని, పడకగదిలో వాడకుండా వదిలేసిన ఫోను పాయింటు సంగతి తేల్చడానికి.