స్టేషన్‌కి రమ్మన్నా, ఫిర్యాదు తీసుకోకపోయినా: గోదావరి జిల్లాల వాళ్లు చేయాల్సిన పని

ఫోన్ వస్తే

"ఎస్సైగారు ఒకసారి వచ్చి వెళ్లమంటున్నారు." కోనసీమలో గానీ భీమవరం చుట్టుపక్కల గానీ ఇలా వచ్చే పిలుపుల వెనక చాలాసార్లు కేసంటూ ఉండదు. చిట్టీ డబ్బులో, ప్రామిసరీ నోటో, గట్టు తగాదాయో, చేపల చెరువు లీజో ఉంటుంది. అవతలివాళ్లు ఎవరిచేతో చెప్పిస్తారు, కానిస్టేబుల్ ఫోన్ చేస్తాడు. అప్పు వసూలు, కౌలు బకాయి, సరిహద్దు తగాదా సివిల్ కోర్టు చూడాల్సినవి. మోసమో ఫోర్జరీయో ఉందని ఎఫ్‌ఐఆర్ కడితే అది వేరు. అది లేకుండా స్టేషన్‌లో కూర్చోబెట్టి పంచాయితీ చేసే అధికారం పోలీసులకు లేదు.

అందుకే ఫోన్‌లో ముందు అడగాల్సింది ఒక్కటే: "ఏ కేసండి? క్రైమ్ నంబరు ఎంతండి?" కేసేమీ లేదంటే, "నోటీసు ఇప్పించండి, తప్పకుండా వస్తాను" అనండి. గొంతు పెంచక్కర్లేదు. ఫోన్ పెట్టేయగానే ఏ నంబరు నుంచి, ఎన్ని గంటలకు, ఎవరు మాట్లాడారో ఇంట్లో ఒకరికి వాట్సాప్ మెసేజ్ పెట్టండి. రేపు కోర్టులో అవసరమైతే తేదీ, సమయం ఆ మెసేజే చెబుతుంది.

కేసు ఉందంటే లెక్క వేరు. అరెస్టు, దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ 2024 జులై 1 నుంచి పోయి, దాని చోట బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) వచ్చింది. లాయర్లు ఇంకా నోటి అలవాటుగా 41ఏ అంటున్న నోటీసు ఇప్పుడు సెక్షన్ 35(3). అది కాగితం మీద, క్రైమ్ నంబరు, సెక్షన్లు, హాజరవ్వాల్సిన తేదీతో మీ చేతికి రావాలి. వాట్సాప్‌లో పంపిన నోటీసు చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. చెల్లదు కదా అని ఇంట్లో కూర్చుంటే మాత్రం చిక్కే. నోటీసు చేతికి ఇస్తే వస్తానని రాతలో జవాబివ్వండి, ఆ కాపీ దగ్గర పెట్టుకోండి. నోటీసు అందాక చెప్పిన తేదీన వెళ్తున్నంతకాలం, కారణాలు రాయకుండా అరెస్టు చేయకూడదు. వెళ్లకపోతే ఆ కారణం మీరే వాళ్ల చేతికి ఇచ్చినట్టు. ఇంకో సంగతి: మూడేళ్లలోపు శిక్ష ఉన్న నేరమై, నిందితుడు అరవై దాటినవాడో జబ్బుమనిషో అయితే డీఎస్పీ అనుమతి లేకుండా అరెస్టు చేయడానికి లేదు.

సాక్షిగా పిలిస్తే, ఆడవాళ్లనూ పదిహేనేళ్లలోపు అబ్బాయిలనూ అరవై దాటిన మగవాళ్లనూ వికలాంగులనూ తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లనూ స్టేషన్‌కి రమ్మని బలవంతం చేయకూడదు. పోలీసులే ఇంటికి వచ్చి అడగాలి (సెక్షన్ 179). ఈ వెసులుబాటు సాక్షులకే, నిందితులకు కాదు.

సంతకాల దగ్గర చాలామంది మోసపోతారు. పోలీసుల ముందు సాక్షి చెప్పిన వాంగ్మూలం మీద సంతకం చేయించకూడదని చట్టమే చెబుతోంది (సెక్షన్ 181). మీరు సంతకం పెట్టాల్సినవి మీ ఫిర్యాదు, నోటీసు అందినట్టు రసీదు, అరెస్టు మెమో, పంచనామా, బెయిల్ బాండు. వీటి మీదా తేదీ, సమయం మీ చేత్తోనే వేయండి. "రైటర్‌గారు తర్వాత రాసుకుంటారులే" అంటూ ఇచ్చే ఖాళీ కాగితం ముట్టుకోవద్దు. తప్పనిసరి పరిస్థితిలో పెట్టాల్సి వస్తే బయటికొచ్చిన రోజే ఎస్పీకి ఆ సంగతి రాసి పంపండి. నెల తర్వాత రాస్తే ఎవరూ నమ్మరు.

తీసుకెళ్లిపోతే

ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి. అరెస్టు మెమో మీద ఇంటి మనిషో ఊళ్లో తెలిసినవాళ్లో సాక్షి సంతకం చేయాలి. కారణాలు తెలియజేయకపోతే ఆ అరెస్టే చెల్లదని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో మళ్లీ స్పష్టం చేసింది. పొద్దుగూకాక, తెల్లవారకముందు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. మరీ తప్పనిసరైతే మహిళా పోలీసు ఉండాలి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలి.

ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్నది అందరికీ తెలుసు. ఆ గంటలు ఎప్పటినుంచి లెక్కేయాలన్నదే గొడవ. మనిషిని సోమవారం పొద్దున తీసుకెళ్లి, మంగళవారం సాయంత్రం అరెస్టు చేసినట్టు కాగితం రాస్తారు. దానికి విరుగుడు, తీసుకెళ్లిన గంటలోపే ఇంట్లోవాళ్లు సాక్ష్యం పుట్టించడం. 112కి ఫోన్ చేయండి. ఎస్పీ ఆఫీసు ఈమెయిల్‌కో వాట్సాప్‌కో "ఫలానా మనిషిని ఇన్ని గంటలకు ఇంటి దగ్గర నుంచి ఇంతమంది తీసుకెళ్లారు, ఎక్కడున్నారో చెప్పలేదు" అని రెండు వాక్యాలు పంపండి. పక్కింటి సీసీ కెమెరాలో వీడియో ఉంటే అదే రోజు కాపీ తీయించండి. చాలా కెమెరాల్లో కొన్ని రోజులకే పాతది చెరిగిపోతుంది. స్టేషన్లలో కెమెరాలు పెట్టాలని, ఫుటేజీ పద్దెనిమిది నెలలు, అందుకు వీలులేకపోతే కనీసం ఏడాది దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. ఆ తేదీ, ఆ గంటల ఫుటేజీ భద్రపరచమని ఎస్పీకి దరఖాస్తు పెట్టండి. తర్వాత లాయరు దాన్ని కోర్టుకు రప్పించగలడు.

మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడు "పోలీసులు కొట్టారా?" అని అడుగుతారు. మన వైపు వాళ్లు మర్యాదకు "ఆయ్, ఏం లేదండి" అనేస్తారు. ఆ మాటే రికార్డులో పడుతుంది. కొడితే కొట్టారనే చెప్పాలి, ఎక్కడో చూపించాలి. అంతకుముందు ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు డాక్టరుకీ అదే చెప్పాలి. డాక్టరు రాసిన దెబ్బల వివరం, మేజిస్ట్రేటుకు చెప్పిన మాట ఒకటైతేనే ఫిర్యాదు నిలుస్తుంది.

ఫిర్యాదు తీసుకోకపోతే

నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్‌గా కట్టి అసలు స్టేషన్‌కి పంపుకుంటారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకూ బాధితులకూ ఉచితంగా, వెంటనే ఇవ్వాలి. ఫోన్‌లోనో ఈమెయిల్‌లోనో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి, లేకపోతే నమోదు కాదు. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణకు కొత్త చట్టం వీలిచ్చింది. "విచారిస్తున్నాం" అని నెలలు తిప్పడానికి మాత్రం కాదు.

ఫిర్యాదు రెండు కాపీలు తీసుకెళ్లండి. రెండో దాని మీద స్టాంపు, తేదీ అడగండి. ఇవ్వకపోతే వాదన పెట్టుకోకుండా నేరుగా పోస్టాఫీసుకు వెళ్లి అదే ఫిర్యాదును ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు అందులోనే కలిసిపోయింది. కోనసీమవాళ్లకు ఎస్పీ అమలాపురంలో, పశ్చిమ గోదావరివాళ్లకు భీమవరంలో. పైన విషయం దగ్గర ఇలా రాయండి: "బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173(4) కింద ఫిర్యాదు. ఫలానా తేదీన ఇన్ని గంటలకు ఫలానా స్టేషన్‌లో ఇవ్వగా నమోదు చేయలేదు."

ఆ సెక్షన్ నంబరు ఎందుకంటే, సోమవారం కలెక్టరేట్‌లోనో ఎస్పీ ఆఫీసులోనో గ్రీవెన్స్‌లో మామూలు అర్జీ ఇస్తే అది తిరిగి తిరిగి అదే ఎస్సై టేబుల్ మీదకి వస్తుంది. "ఇరువర్గాలను పిలిచి మాట్లాడాం, పరిష్కరించాం" అని ఆన్‌లైన్‌లో మూసేస్తారు. గ్రీవెన్స్‌కి వెళ్లొద్దని కాదు, రసీదు నంబరు పనికొస్తుంది. కానీ అర్జీ ఎఫ్‌ఐఆర్ కాదు.

ఎస్పీ నుంచీ కదలిక లేకపోతే మేజిస్ట్రేటు కోర్టులో సెక్షన్ 175(3) కింద పిటిషన్. దానికి అఫిడవిట్ ఉండాలి. ఎస్పీకి పంపిన ఫిర్యాదు కాపీ, పోస్టు రసీదు, డెలివరీ వివరం జత చేయాలి. ఇవి లేకుండా నేరుగా కోర్టుకు వెళ్లిన పిటిషన్లు తిరిగొస్తాయి.

కులం పేరుతో తిడితే, ఊరు వెలివేస్తే

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 కింద వచ్చే కేసుల్లో ప్రాథమిక విచారణ అక్కర్లేదు (సెక్షన్ 18ఏ). వెంటనే కట్టాలి. దర్యాప్తు డీఎస్పీకి తగ్గని అధికారి చేయాలి, అరవై రోజుల్లో ముగించాలి. చేయాల్సిన పని కావాలని చేయని ప్రభుత్వోద్యోగికి, అతను ఎస్సీ, ఎస్టీ కాకపోతే, సెక్షన్ 4 కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు ఉంది. ఫిర్యాదు చివర ఆ సెక్షన్ ప్రస్తావిస్తే కొన్ని స్టేషన్లలో పెన్ను త్వరగా కదులుతుంది.

కేసులు పోయేది ఎక్కువగా ఫిర్యాదు రాసిన తీరు వల్లే. సిగ్గుపడి "కులం పేరుతో అసభ్యంగా దూషించారు" అని రాసి వదిలేస్తారు. అది చాలదు. అన్న మాట అన్నట్టే, బూతుతో సహా రాయాలి. రెండోది, తిట్టింది నలుగురూ చూసేచోట, వినేచోట అయి ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అంటే కులదూషణ సెక్షన్ నిలవదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. కాబట్టి చోటు స్పష్టంగా ఉండాలి: "పంచాయతీ ఆఫీసు ఎదుట టీ కొట్టు దగ్గర, ఉదయం ఏడున్నరకు, కొట్టు యజమాని, పాలకేంద్రానికి వెళ్తున్న ఇద్దరు వినగా". సాక్షులంతా మీ ఇంటివాళ్లే అయితే కేసు బలహీనపడుతుంది. ఒక్క బయటి మనిషి పేరైనా పట్టుకోండి.

సాంఘిక బహిష్కరణ సెక్షన్ 3(1)(జెడ్‌సీ). భీమవరం దగ్గర గరగపర్రులో 2017లో అంబేడ్కర్ విగ్రహం గొడవ తర్వాత దళితులను పనిలోకి పిలవడం లేదని, పొలాలు కౌలుకు ఇవ్వడం లేదని రాష్ట్రమంతా తెలిసింది. ఇలాంటప్పుడు పేటంతా కలిసి ఒకే కాగితం మీద అరవై సంతకాలు పెట్టి "మమ్మల్ని వెలివేశారు" అని ఇస్తారు. అందులో ఒక్క సంఘటనా ఉండదు. సంతకాల అర్జీ ఇవ్వండి, కానీ దాని వెనక ఒక్కొక్కరి కాగితం విడిగా పెట్టండి. ఎవరి కౌలు ఏ తేదీన ఎవరు రద్దు చేశారు, అంతకుముందు ఎన్నేళ్లు చేశారు, వరినాట్లకు పిలిచిన మేస్త్రీ ఫోన్ చేసి ఏమని మానమన్నాడు, కిరాణా కొట్లో ఎవరికి సరుకు ఇవ్వలేదు. మంచినీళ్ల చెరువు దగ్గరో శ్మశానం దారిలోనో అడ్డుకుంటే అది వేరే నేరం, వేరే ఫిర్యాదు.

కుల ధ్రువపత్రం మొదటి రోజే జత చేయండి. పరిహారం వాయిదాల్లో వస్తుంది. కులదూషణ కేసులో లక్ష రూపాయల్లో పావు వంతు ఎఫ్‌ఐఆర్ కట్టగానే, సగం ఛార్జిషీటు కోర్టుకు వెళ్లాక, మిగతా పావు శిక్ష పడ్డాక. నిందితుడి బెయిల్ పిటిషన్ గురించి మీకు నోటీసు రావాలి, మీ మాట వినాలి (సెక్షన్ 15ఏ). ప్రత్యేక కోర్టు రెండు నెలల్లో ముగించాలని చట్టంలో ఉంది. జరిగేది ఏమిటంటే, రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో 1996 డిసెంబరులో జరిగిన శిరోముండనం కేసులో తీర్పు 2024 ఏప్రిల్‌లో వచ్చింది. సాక్షి వాంగ్మూలం మేజిస్ట్రేటు ముందు రికార్డు చేయించమని (బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 183) మొదటి వారంలోనే డీఎస్పీకి రాసివ్వమనేది అందుకే. ఏళ్ల మీద ఏళ్లు గడిస్తే సాక్షులు మారతారు, పోతారు.

చర్చికి వెళ్లేవాళ్లు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవాళ్లకే. ఏళ్లుగా పాస్టర్‌గా ఉన్న వ్యక్తి పెట్టిన కేసును ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో కొట్టేసింది. చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉండటం ఒక్కటే చాలదంది. ఎస్టీలకు మతం అడ్డు కాదు. ఇక్కడ నోటిమాట సలహాలు నమ్మకుండా లాయరుకు మీ పరిస్థితి దాచకుండా చెప్పండి. ఫిర్యాదులో దెబ్బలు, బెదిరింపు, అడ్డగించడం విడివిడిగా రాయండి. వాటికి వర్తించే బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 115(2), 351, 126 సెక్షన్లకు కులంతో పనిలేదు. అట్రాసిటీ సెక్షన్ పడిపోయినా అవి నిలుస్తాయి.

ఊరేగింపుకు

"సెక్షన్ 30 అమల్లో ఉంది, సభలు నిషేధం" అని పేపర్లో తరచూ వస్తుంది. 1861 పోలీసు చట్టంలోని ఆ సెక్షన్ ఊరేగింపును క్రమబద్ధం చేయడానికి, పూర్తిగా ఆపడానికి కాదు. రోడ్ల మీద సభలను కట్టడి చేసిన ప్రభుత్వ జీవో 1ని హైకోర్టు 2023 మేలో కొట్టేసింది. గుంపులు చేరకుండా పెట్టే పాత 144 సెక్షన్ ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 163, ఆ ఉత్తర్వు రెండు నెలలకు మించి ఉండదు. ప్రభుత్వం పొడిగించినా మరో ఆరు నెలలే. డీఎస్పీకి దారి, సమయం, ఎంతమంది, మైకులు, బాధ్యుల పేర్లతో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. కాదంటే కారణం రాసిమ్మనండి. ఎస్సై నోటిమాట మీద గుమ్మం దాటొద్దని ఆపే 'హౌస్ అరెస్టు' ఏ సెక్షన్‌లోనూ లేదు. రాతలో అడిగితే సాధారణంగా ఏదో ఒక నోటీసు చేతికిస్తారు, దాన్ని సవాలు చేయొచ్చు.

లాయరు

మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు, వరద బాధితులు (లంక గ్రామాలవాళ్లకు ఇది తెలియదు) ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరును అడగొచ్చు. 15100కి ఫోన్ చేయొచ్చు. లేదా అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం, తణుకు కోర్టు ఆవరణల్లోని మండల న్యాయసేవా కమిటీలో దరఖాస్తు ఇవ్వొచ్చు. 2022లో జిల్లాలు విడిపోయినా జిల్లా న్యాయసేవాధికార సంస్థలు పాత లెక్కనే రాజమహేంద్రవరం, ఏలూరు జిల్లా కోర్టుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాలకు ప్రత్యేకంగా 14566 హెల్ప్‌లైన్ ఉంది. ఆధార్, కుల ధ్రువపత్రం ఉంటే అవి, మీ దగ్గరున్న కాగితాల జిరాక్సులు తీసుకెళ్లండి. అసలువి ఎవరికీ ఇవ్వొద్దు. అలా కేటాయించిన లాయరు మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు. అడిగినా, వాయిదాలకు రాకపోయినా వేరేవాళ్లను వేయమని ఆ కమిటీకే రాసివ్వండి.